తిరుగుమంత్రానికో మర్యాద

మంత్రాలకు చింతకాయలు రాలవని సామెత. చింతకాయల సంగతి నాకు తెలియదు గాని, ఈ వేసవిలో మా ఇంట్లో ఒక మంత్రానికి కన్నీళ్ళు రాలాయి. ఆ కన్నీళ్ళు ఎవరివి, ఆ మంత్రం ఏమిటి, అందులో తప్పెంత ఒప్పెంత అన్నది నిదానంగా విచారిద్దామని ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను. నవలల మీద, సినిమాల మీద విమర్శలు రాస్తారు గదా, పిల్లల ఆట రూల్సు మీద ఎందుకు రాయకూడదు చెప్పండి? పుస్తకంలో అచ్చయిందేదైనా విమర్శకు లోబడవలసిందే.

మాది మార్కాపురం. చెన్నకేశవస్వామి గుడికీ, రాతి పలకలకీ పేరుపడ్డ ఊరు. ఎండాకాలం వచ్చిందంటే మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా ఇక్కడ కాకి కూడా బయటికి రాదు. ఆ నాలుగు గంటలూ పిల్లల్ని ఇంటిపట్టున ఉంచడం ఎంత కష్టమో తల్లులందరికీ తెలుసు. మా కాలంలో అయితే అష్టాచెమ్మా, వామనగుంటలు, వైకుంఠపాళీ ఉండేవి. ఈసారి బెంగుళూరులో ఇంజనీరింగు చదివే మా మనవడు ఒక కొత్త ఆట పట్టుకొచ్చాడు. గిద్దలూరు నుంచి మా అమ్మాయి కూతురు పదో తరగతి పరీక్షలు రాసి వచ్చింది. పక్కింటి పిల్లలు ఇద్దరు చేరారు. నలుగురూ హాల్లో చాప పరుచుకుని కూర్చున్నారు.

ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు కనిపెట్టి అచ్చు వేశారు. 1970లో మా మార్కాపురం, గిద్దలూరు తాలూకాలను కర్నూలు నుంచి విడదీసి ఒంగోలు జిల్లాలో కలిపారు, 1972లో ఆ జిల్లాకి ప్రకాశం అని పేరు పెట్టారు. ఆ నామకరణమైన రెండేళ్ళకి పుట్టిందన్నమాట ఈ ఆట. మనకి కొత్త గాని, దానికీ వయసు బాగానే ఉంది.

దీనికి గళ్ళ పటం తప్పనిసరి కాదు. ఒకరు కథ నడుపుతారు. తక్కినవాళ్ళు ఆ కథలో ఒక్కో వేషం కడతారు. ఒకడు కత్తి పట్టిన వీరుడు, ఒకడు గజదొంగ, ఒకామె మంత్రగత్తె. “లోయ అంచుకొచ్చారు, అవతల కోట కనపడుతోంది, ఏం చేస్తారు?” అని కథకుడు అడుగుతాడు. వీళ్ళు ఏం చేస్తామో చెబుతారు. అది జరిగిందా లేదా అన్న సందేహం వస్తే ఇరవై ముఖాల పాచిక వేస్తారు. తోలుబొమ్మలాట చూసినవాళ్ళకి ఇందులో అర్థం కానిదేమీ లేదు. తెర వెనక కూర్చున్నవాడే రాక్షసుడికీ రాజుకీ గొంతు ఇస్తాడు. తేడా అల్లా, ఇక్కడ కొన్ని బొమ్మలు ఎదురు మాట్లాడతాయి!

మంత్రం అనగానే ఉలిక్కిపడకండి. చేతబడి చేసిందన్న అనుమానంతో మనుషుల్ని చెట్టుకి కట్టేసి కొట్టే పాడు మూఢత్వానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఇది పాతాళభైరవి సినిమాలో మంత్రం వంటిది. హాలు దాటి బయటికి రాదు.

ఈ ఆటలో మంత్రాలకు మెట్లున్నాయి. ఒకటో మెట్టువి చిన్నవి, తొమ్మిదో మెట్టువి పెద్దవి. ఏ మెట్టుకి రోజుకెన్ని మంత్రాలు వేయవచ్చో లెక్క ఉంటుంది. అచ్చం రేషన్ కార్డు లాంటి లెక్క. వాడుకుంటే కోత పడుతుంది, మళ్ళీ ఒక రాత్రి నిద్రపోయి లేస్తేగాని కోటా నిండదు. మా మనవరాలు మంత్రగత్తె వేషం కట్టింది. దాని కోటా లెక్కకి అటక మీది పాత పలక ఒకటి దించి ఇచ్చాను. ఐదో మెట్టు మంత్రాలు దానికి రోజుకి రెండే. ఆ రెండింటినీ మధ్యాహ్నమంతా పొదుపుగా దాచుకుంది.

కథ నడిపేవాడు మా మనవడే. మా నల్లమల ఘాట్ రోడ్డు చూసిన కళ్ళతోనే అల్లాడు కథని. ఒక అడవి, ఒక లోయ, అవతలి గట్టున ఒక దుర్మార్గ మాంత్రికుడు, ఇవతల అడవి తగలబడి పారిపోయి వచ్చిన పల్లెజనం. పిల్లది నిటారుగా కూర్చుని, గొంతు సవరించుకుని, “నేనిప్పుడు నా ఐదో మెట్టు మంత్రం...” అన్నదో లేదో, “కౌంటర్‌స్పెల్!” అని అరిచాడు వీడు. అంటే తిరుగుమంత్రం. శత్రువు తిరుగుమంత్రం వేశాడు, నీ మంత్రం గాలికి పోయింది, పలక మీద ఒక గీత చెరిపెయ్యి. మళ్ళీ దాని వంతు వచ్చింది. మళ్ళీ నోరు తెరిచింది. మళ్ళీ “కౌంటర్‌స్పెల్!” రెండో గీతా పోయింది. పక్కింటి పిల్లలు పకపకా నవ్వారు. పిల్లది పలక అక్కడ పెట్టి వంటింట్లోకి వచ్చేసింది.

“ఏందమ్మా?” అన్నాను.

“నేను నోరు తెరవకముందే అయిపోతా ఉంది జేజీ. ఇంక నేనెందుకు అక్కడ?” అని కళ్ళు తుడుచుకుంది.

ఆటలో ఓడినందుకు ఏడ్చే పిల్ల కాదది. వైకుంఠపాళీలో పెద్దపాము నోట్లో పడినా నవ్వుతుంది. అందుకే మర్నాడు మనవణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, ఆ రూల్సు పుస్తకం చదివించుకుని విన్నాను. వాడి దగ్గర పాతదీ ఉంది, కొత్తదీ ఉంది. ఇంకా పాతది ఫోనులో చూపించాడు. మూడూ పోల్చి చూసేసరికి నాకొక సంగతి తట్టింది.

ముందు పాత రూలు చెబుతాను. 2000లో వచ్చిన మూడో కూర్పులో శత్రువు మంత్రాన్ని ఆపాలంటే ఇంత తతంగం ఉంది. మొదట, నీ వంతులో నువ్వేమీ చేయకుండా, ఫలానా శత్రువు మంత్రం ఎత్తుకుంటే ఆపుతాను అని కాచుకుని కూర్చోవాలి. రెండోది, వాడు మంత్రం ఎత్తుకోగానే అది ఏ మంత్రమో గుర్తుపట్టాలి. దానికి పాచిక వేసి, నీ విద్య కలుపుకుని, పదిహేను మీద ఆ మంత్రం మెట్టు కలిపినంత తెచ్చుకోవాలి. మూడోది, గుర్తుపట్టిన తర్వాత అదే మంత్రం నీ దగ్గర కూడా ఉండాలి. దాన్నే తిరిగి వేస్తే రెండూ ఒకదాన్నొకటి చెల్లగొట్టుకుంటాయి. కొన్ని జంటలకు మినహాయింపు ఉంది. వేగం పెంచే మంత్రానికి వేగం తగ్గించే మంత్రం, వెలుగుకి చీకటి విరుగుడు. ఏ మంత్రాన్నైనా తుడిచెయ్యగలిగే సాధారణ మంత్రం ఒకటి ఉంది గాని, దానికి ఫలితం ఖాయం కాదు, పాచిక దయ.

ఇక 2014లో వచ్చిన ఐదో కూర్పు. ఇందులో కౌంటర్‌స్పెల్ అన్నదే ఒక మూడో మెట్టు మంత్రం. అరవై అడుగుల లోపల ఎవరైనా మంత్రం వేస్తూ కంటపడితే చాలు, నీ వంతు రాకపోయినా సరే, చటుక్కున అడ్డు వేయవచ్చు. అవతలిది మూడో మెట్టు లోపలిదైతే తిరుగులేకుండా ఆగిపోతుంది. అంతకన్నా పెద్దదైతే పది మీద దాని మెట్టు కలిపినంత పాచికలో రావాలి. నీ కోటాలోంచి దానికి సమానమైన పెద్ద మెట్టు ఖర్చు పెడితే ఆ పాచికా అక్కర్లేదు. మా వాడి మాంత్రికుడు అట్లాగే ఖర్చు పెట్టాడట. ఆగిపోయిన మంత్రం తాలూకు కోత మాత్రం వేసినవారి ఖాతాలోనే పడుతుంది. మాట నోట్లోనే ఆగిపోయింది, రేషనూ పోయింది.

ఇందులో అసలు విడ్డూరం 2017లో వచ్చిన అనుబంధ గ్రంథంలో ఉంది. ఎదుటివారు వేస్తున్నది ఏ మంత్రమో గుర్తుపట్టడానికి అందులో ఒక పద్ధతి చెప్పారు. అయితే ఆ గుర్తుపట్టడానికి కూడా, అడ్డు వేయడానికి వాడే ఆ ఒక్క చటుక్కునే ఖర్చు చేయాలి. ఒక విడతలో ఎవరికైనా చటుక్కు ఒక్కటే. కాబట్టి ఏమంటున్నదో తెలుసుకుంటే ఆపలేడు, ఆపితే ఏమంటున్నదో తెలుసుకోలేడు. ఈ వాక్యం దగ్గర నేను మనవణ్ణి ఆపి మళ్ళీ చదివించుకున్నాను. “మీ తాతయ్య రాశాడా ఏంరా ఈ రూలు?” అన్నాను. వాడు నవ్వాడు గాని, మా ఆయన పేపరు దించి ఒకసారి చూసి మళ్ళీ ఎత్తుకున్నారు.

మన భాషలో ఈ రెండు రూల్సుకీ రెండు వేరు వేరు మాటలున్నాయి. మొదటిది విరుగుడు. రెండోది నోటికట్టు. విరుగుడు వేయాలంటే జబ్బు తెలియాలి. చారులో పులుపెక్కువైతే బెల్లం ముక్క వేస్తాం, పప్పులో కారమెక్కువైతే నెయ్యి వేస్తాం, కూరలో ఉప్పెక్కువైతే ఇంకాస్త కూరగాయ ఉడికించి కలుపుతాం. ఏదెక్కువైందో తెలియాలంటే ముందు నాలిక మీద వేసుకుని చూడాలి గదా! రుచి చూడకుండా గిన్నె మీద మూత బోర్లించేదాన్ని వంట దిద్దడం అనం. ఐదో కూర్పు తిరుగుమంత్రం ఆ మూత లాంటిది.

మనకి ఈ విద్య కొత్తదేమీ కాదు. భారత రామాయణాల్లో యుద్ధమంటే సగం తిరుగుమంత్రాల కథే. అగ్ని కురిపిస్తే వరుణాస్త్రంతో చల్లార్చడం పౌరాణిక చిత్రాల్లో ఎన్నిసార్లు చూశాం! ఆకాశంలో రెండు బాణాలు ఎదురెదురుగా వచ్చి ఢీకొంటే పిల్లలం ఊపిరి బిగబట్టేవాళ్ళం. లంకలో ఇంద్రజిత్తు రామలక్ష్మణుల్ని సర్పబాణాలతో కట్టి పడేస్తే గరుత్మంతుడు వచ్చాడు. ఆయన ఇంద్రజిత్తుతో యుద్ధం చేయలేదు, రావడమే విరుగుడు. పాములు ఆయన్ని చూసి పారిపోయాయి. ఏ కట్టుకి ఏది విరుగుడో దానికే అమరింది, ఇంకోదానికి అమరదు.

ద్రోణపర్వంలో నారాయణాస్త్రం సంగతి చూడండి. తండ్రి చచ్చిపోయిన కోపంలో అశ్వత్థామ దాన్ని వదిలాడు. ఎదిరించినకొద్దీ పెరుగుతుందది. కృష్ణుడు ఏం చెప్పాడు? ఆయుధాలు కింద పెట్టి, రథాలు దిగి నిలబడమన్నాడు. అందరూ దిగారు, భీముడు దిగనన్నాడు. కృష్ణార్జునులు ఆయన్ని రథం మీంచి లాగవలసి వచ్చింది. మన ఇళ్ళల్లో సాయంత్రం పూట ఈ ప్రత్యస్త్రం ఎన్నిసార్లు వాడతామో లెక్కపెట్టుకుంటే నవ్వొస్తుంది. భీముడి వంశం వాళ్ళం కూడా మనలో లేకపోలేదు! కాని గమనించవలసింది ఏమిటంటే, ఆ సలహా చెప్పాలంటే కృష్ణుడికి ఆ అస్త్రం స్వభావం తెలిసి ఉండాలి. తెలియకుండా నోటికొచ్చిన అడ్డు వేసి ఉంటే పాండవసేన బూడిదయ్యేది. దాన్ని రెండోసారి వేయమని దుర్యోధనుడు అడిగితే, కుదరదు, వేసినవాడి మీదికే తిరుగుతుందన్నాడు అశ్వత్థామ. చూశారా, అక్కడా రేషనే.

సౌప్తికపర్వంలోది ఇంకా పెద్ద పాఠం. అశ్వత్థామ గడ్డిపోచని మంత్రించి బ్రహ్మశిరోనామకాస్త్రం వేశాడు. అర్జునుడు అదే అస్త్రాన్ని ఎదురు వేశాడు. మూడో కూర్పు రూలు ఇదే గదా, గుర్తుపట్టు, నీ దగ్గరున్న అదే మంత్రంతో చెల్లగొట్టు! కాని రెండూ కలిస్తే లోకం నిలవదని నారదుడూ వ్యాసుడూ మధ్యకొచ్చి నిలబడి, వెనక్కి తీసుకోమన్నారు. అర్జునుడు తీసుకున్నాడు. అశ్వత్థామకి చేతకాలేదు. చేతకాక దాన్ని ఎటు మళ్ళించాడు? పాండవ స్త్రీల గర్భాల మీదికి. ఉత్తర కడుపులో బిడ్డ దానికి బలి అయ్యాడు. కృష్ణుడు బతికించాడు కాబట్టి పరీక్షిత్తు ఉన్నాడు, కథ ఉంది. వెనక్కి తీసుకోవడం తెలియనివాడి మంత్రం చివరికి ఎవరి మీద పడుతుందో ఆ కథ చెప్పినట్టు ఇంకోటి చెప్పలేదు. మగవాళ్ళ పోట్లాటల్లో ఆఖరి ముక్క ఆడవాళ్ళ వాటాకి రావడం అప్పట్నుంచీ ఉన్నదే.

సినిమాకి వస్తే, 1951లో వచ్చిన పాతాళభైరవిలో నేపాళ మాంత్రికుడు తోట రాముణ్ణి బలి ఇవ్వడానికి తీసుకుపోతాడు. ఆ సంగతి ముందే తెలిసిన రాముడు, అదే బలిపీఠం మీద మాంత్రికుణ్ణే బలి ఇస్తాడు. ఎదుటివాడి తంత్రం పూర్తిగా తెలుసుకుని దాన్నే తిప్పికొట్టడం. హాలంతా చప్పట్లు కొట్టిందంటే కొట్టదూ మరి! అదే రాముడు మాంత్రికుడు కనపడగానే ఏదో ఒక మంత్రంతో నోరు కట్టేసి ఉంటే సినిమా మూడో రీలులో అయిపోయేది.

బాలనాగమ్మ కథ నాకు ఇంకా ఇష్టం. 1942లో జెమినీ వాళ్ళు కాంచనమాలతో తీసిన సినిమా కన్నా, మా అమ్మమ్మ మిద్దె మీద పడుకోబెట్టి చెప్పిన కథే నాకు బాగా గుర్తు. మాయల మరాఠీ బాలనాగమ్మని ఎత్తుకుపోయాడు. ఆమెకి ఒక్క మంత్రం రాదు. ఆమె చేసిందల్లా, నోము ఉందని చెప్పి గడువు అడగడం, అతని మాట వినడం. ఏళ్ళ తరబడి విన్నది. విని విని, చివరికి అతని ప్రాణం ఎక్కడుందో అతని నోటితోనే చెప్పించింది. సముద్రాల అవతల చిలకలో ఉందని తెలిసిన తర్వాత కొడుకు వెళ్ళి ఆ చిలకని పట్టుకొచ్చాడు. మంత్రం రాని ఆడది వేసిన తిరుగుమంత్రం వినడమే. మా అమ్మమ్మ ఆ మాట ఇట్లా చెప్పలేదు గాని, కథ మాత్రం అట్లాగే చెప్పింది.

ఇదంతా చెబితే మా మనవడు ఊరుకుంటాడా? “జేజీ, శత్రువు నెత్తి మీద నిప్పులు పోస్తా ఉంటే, ఇది ఏ మంత్రమబ్బా అని ఆలోచించుకుంటా కూర్చుంటామా? పాత రూలు బాగుందని నువ్వంటున్నావు గాని, దాన్ని ఎవరూ వాడేవాళ్ళు కాదంట. తన వంతు వదులుకుని కాచుకు కూర్చోవడం ఎవరికి ఇష్టం? అదే మంత్రం తన దగ్గర కూడా ఉండడం ఎన్నిసార్లు కుదురుతుంది?” అన్నాడు.

వాడి వాదనలో పస ఉందని ఒప్పుకోవాలి. విమర్శకురాలు ఏకపక్షంగా ఉండకూడదు గదా. పాత రూలు న్యాయమైనదే గాని, పెళ్ళిలో అరుంధతీ నక్షత్రం చూపించినట్టుంది. అందరూ తల ఊపుతారు, ఎవరికీ కనపడదు. వాడకంలో లేని న్యాయం వల్ల ప్రయోజనం తక్కువ. పైగా ఆపదలో ముందు చెయ్యి అడ్డం పెట్టక తప్పదు. పసివాడు పొయ్యి దగ్గరికి పోతుంటే వాడి ఉద్దేశం కనుక్కుని లాగుతామా? కొత్త రూలు రాసినవాళ్ళకీ కొంత ఇంగితం ఉంది. కంటపడితేనే ఆపగలవన్నారు, అరవై అడుగులు దాటితే ఆపలేవన్నారు, విడతకి ఒక్కసారే అన్నారు. తిరుగుమంత్రానికి తిరుగుమంత్రం వేయవచ్చన్నారు. ఇది చదివి నాకు మా అత్తగారూ, ఆవిడ తోడికోడలూ గుర్తొచ్చారు. ఒకరి మాట ఒకరు పూర్తి కానిచ్చేవారు కాదు. నలభై ఏళ్ళు ఒక చూరు కింద ఉండి, ఇద్దరిలో ఎవరూ ఒక వాక్యానికి క్రియాపదం దాకా వెళ్ళగా నేను వినలేదు.

2024లో వచ్చిన సవరణలో ఆ ఆటవాళ్ళే కొంత దిద్దుకున్నారు. ఇప్పుడు తిరుగుమంత్రం తగిలినవారు పాచిక వేసి తమ ఒంటి సత్తువతో తట్టుకోవచ్చు. తట్టుకుంటే మంత్రం సాగుతుంది. తట్టుకోలేకపోతే ఆ వంతు పోతుంది గాని, రేషన్‌లో కోత పడదు. మాట ఆగినా ఊపిరి మిగులుతుంది. ఇది మంచి సవరణ. ఈ ఒక్క రూలు ఆ మధ్యాహ్నం మా చాప మీద ఉండి ఉంటే పిల్లది లేచి వచ్చేది కాదేమో. అయినా ఒక లోపం మిగిలిపోయింది. ఆపేవాడు ఏం ఆపుతున్నాడో తెలుసుకోవాలన్న నిర్బంధం ఇందులోనూ లేదు. ఆపబడినవారి నష్టాన్ని తగ్గించారు గాని, ఆపేవాడి అజ్ఞానాన్ని అట్లాగే ఉంచారు.

అందుకని మా ఇంటి వరకు నేనొక రూలు పెట్టాను. పెద్దదాన్ని కాబట్టి చెల్లింది. తిరుగుమంత్రం వేయదలచినవాడు ఎదుటివారి వాక్యం క్రియాపదం దాకా రానివ్వాలి గాని, మంత్రం పేరు మాత్రం వాళ్ళు చెప్పరు. చేతుల కదలిక, దినుసులు, ఉద్దేశం చెబుతారు. దాన్నిబట్టి ఇవతలివాడు పేరు చెప్పాలి. చెప్పగలిగితే పాచిక లేకుండా ఆపవచ్చు. పేరు తప్పితే మంత్రం సాగిపోతుంది. ఆగిన మంత్రానికి కోత లేదు. ఆపదలో చెయ్యి అడ్డం పెట్టే మినహాయింపు రోజుకి ఒక్కసారి.

మర్నాడు మధ్యాహ్నం పిల్లది మళ్ళీ పలక ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. “నేను లోయ అంచున మోకాళ్ళ మీద కూర్చుని, ఒక చిన్న రాతి ముక్క చేతిలో పట్టుకుని, అవతలి గట్టు కేసి చూస్తూ మంత్రం చదువుతున్నాను” అంది. మా వాడు క్షణం కూడా ఆలోచించలేదు. “నిప్పుల బంతి!” అన్నాడు.

కాదు. రాతిగోడ లేపే మంత్రం అది. గోడని నిలువుగానే లేపాలని లేదట, అడ్డంగా పరిస్తే వంతెన అవుతుందట. ఆ పిల్ల నిన్న రెండుసార్లూ వేయబోయింది అదే. మగపిల్లలు ముగ్గురూ యుద్ధం, యుద్ధం అని ఊగిపోతున్నప్పుడు, ఇది మాత్రం ఇవతల మిగిలిపోయిన పల్లెజనాన్ని ఎట్లా దాటించాలా అని లెక్క వేసుకుంటూ ఉంది. రెండుసార్లు వంతెన కూలగొట్టి, నిప్పుల బంతిని ఆపామని చంకలు గుద్దుకున్నారు వీళ్ళు. ఆ మాట విన్నాక పక్కింటి పిల్లలు నవ్వలేదు. “ముందే చెప్పొచ్చు గదా!” అన్నాడు మా వాడు. “చెప్పనిస్తే గదా!” అంది అది.

విమర్శ ఇక్కడితో ముగించవచ్చు. కాని ఇంకొక్క మాట దాచుకుంటే తప్పవుతుంది.

నేను నోరు తెరవకముందే అయిపోతా ఉంది జేజీ అని ఆ పిల్ల అన్నప్పుడు, నాకు దాని తల్లి గుర్తొచ్చింది. మా అమ్మాయి ఇంటర్ పూర్తయిన వేసవి. నేను వంటింట్లో గారెలకి పిండి రుబ్బుతున్నాను. గుమ్మం దగ్గర నిలబడి, “అమ్మా, నీకొకటి చెప్పాల” అంది. నేను తల ఎత్తలేదు. “తెలుసులే, ముందు ఆ ఆకులు తుడు” అన్నాను. నిజానికి నాకేమీ తెలియదు. పై చదువుకి ఒంగోలు పంపమని అడుగుతుందనుకున్నానో, సంబంధం వద్దంటుందనుకున్నానో, ఏదో ఒక నిప్పుల బంతి అనుకుని ఉంటాను. అది ఆకులు తుడిచింది. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. నెల తిరక్కుండా తాంబూలాలు పుచ్చుకున్నాం. గిద్దలూరులో సుఖంగానే ఉంది. కాని ఆ రోజు అది చెప్పబోయింది ఏమిటో నాకు ఈనాటికీ తెలియదు. తెలుసులే అన్న ఒక్క ముక్కకి అరవై అడుగుల హద్దు లేదు, పాచిక లేదు, విడతకి ఒకసారేనన్న నియమం లేదు. మన ఇళ్ళల్లో ఇంతకన్నా బలమైన తిరుగుమంత్రాన్ని నేను చూడలేదు. దాన్ని వేయడంలో నాకన్నా ఆరితేరినవాళ్ళనీ చూడలేదు.

సెలవులు అయిపోయాక పిల్లని దిగబెట్టడానికి రైల్లో గిద్దలూరు వెళ్ళాను. కంభం దాటుతుంటే పిల్లది నిద్రపోయింది. పలక అడిగి తెచ్చుకుంది గదా, అది ఒళ్ళోనే ఉంది. నేను కిటికీలోంచి కొండల కేసి చూస్తూ, అడగాలా వద్దా అని దారి పొడుగునా తర్జనభర్జన పడ్డాను.

సాయంత్రం మా అమ్మాయి వంటింట్లో గోరుచిక్కుళ్ళు తుంచుతూ కూర్చుంది. పొయ్యి మీద కుక్కర్లో పప్పు ఉంది. పక్కన కూర్చుని నాలుగు కాయలు తుంచి అడిగాను. “ఆ రోజు ఏం చెప్పబోయావే?”

“ఏ రోజు?” అంది. చెప్పాను. “ఇన్నేళ్ళకి గుర్తుంటాదా అమ్మా?” అని నవ్వింది. నేను తెలుసులే అనలేదు, పోనీలే అనలేదు. ఊరికే కూర్చున్నాను. నాకది ఎంత కష్టమైన పనో మా వాళ్ళనడగండి. నాలుగైదు కాయలు తుంచాక, చేతిలోవి చేటలో పెట్టి, మొదలుపెట్టింది.

ఏం చెప్పిందన్నది ఈ వ్యాసంలోకి రాదు. కుక్కరు కూత మీద కూత వేసింది. ఇద్దరం లేవలేదు. ఆ రాత్రి గిద్దలూరులో మా అల్లుడుగారు అడుగంటిన పప్పు తిని, ఎందుకో ఏమీ అనలేదు.